సంగు పాట రెండో సగం

మా నైనా నోట్లో నాలుక లేని మనిషనీ, ఎవరికీ ద్రోహం తలపెట్టినవాడు కాదనీ చెప్పేవాళ్ళు కోయంబత్తూరు మిల్లు లైన్లలో ఇంకా నలుగురైదుగురు మిగిలి ఉన్నారు. మా ఇళ్ళల్లో నాన్నను నైనా అనే పిలుస్తాం. బజారులో కనిపిస్తే చాలు, చెయ్యి పట్టుకుని, అబ్రాము అన్నలాంటి మనిషి ఇంగ పుట్టడు పాపా అంటారు. పోయిన నెల దాకా నేనూ తల ఊపేదాన్ని. ఇప్పుడు వాళ్ళు దూరాన కనిపిస్తే కూరగాయల సంచీ ఇంకో చేతికి మార్చుకుని పక్క సందులోకి తిరిగిపోతున్నాను. డెబ్బై దాటినదానివి, ఎప్పుడో పోయిన తండ్రి మీద ఇప్పుడేం కోపం అత్తా అంటుంది మా కోడలు. ఆయన పోయి ఎన్నేళ్ళయితే నాకేం, నాకు తెలిసింది పోయిన నెలే కదా.

మేమున్నది మిల్లు వెనకాల లైను ఇళ్ళల్లో. ఒకే పొడుగాటి పెంకుటిల్లును గోడలు కట్టి ముక్కలు చేసినట్టుండేవి. ఒక ముక్కలో నాయుళ్ళు, పక్క ముక్కలో మేము, అటు పక్క ఇంకో క్రైస్తవుల ఇల్లు. గుమ్మం దాటితే అందరం తమిళమే, లోపలికొస్తే అందరం తెలుగే. ఆ తెలుగు కూడా ఆంధ్రా నుంచి ఎవరైనా చుట్టాలొస్తే మొహాలు చూసుకునేంత పాతది. బడిలో నేను చదివింది తమిళం. ఈ అక్షరాలు మాత్రం అమ్మ బైబిలు మీద వేలు పెట్టించి నేర్పినవి. మా అందరికీ గడియారం మిల్లు సంగు. షిఫ్టు మారేముందు ఊదే ఆ కూతను మావాళ్ళు శంఖం పేరుతోనే సంగు అనేవారు. సంగు ఊదితే అమ్మ పొయ్యి మీది ఉలవల చారు దింపేది, ఇంకో సంగుకు మేం బడికి బయలుదేరేవాళ్ళం.

నైనా పని కార్డింగులో. పత్తిని దువ్వి శుభ్రం చేసే ఖాతా అది, దుమ్మంతా అక్కడే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. గుమ్మం బయటే నిలబడి తువ్వాలుతో తల దులుపుకునేవాడు. గొంతులోని దుమ్ము దిగడానికి అమ్మ బెల్లం ముక్క చేతిలో పెట్టేది, అది చప్పరిస్తూ కాసేపు దగ్గేవాడు. దగ్గు ఆగాక కాళ్ళు కడుక్కుని, మంచం కింద నుంచి నల్ల పెట్టె లాగేవాడు. ఆ పెట్టెలో బాండు వాళ్ళ సాక్సఫోన్ ఉండేది. అమ్మ దాన్ని వంకర నాగసరం అనేది. మా ఇంట్లో సొంతంగా ఒక దుప్పటి ఉన్నది దానికొక్కదానికే. ఊదే చోట కట్టే రీడును, అదొక వెదురు పేడులాంటి ముక్క, నైనా కాఫీ గ్లాసులో నీళ్ళు పోసి నానబెట్టేవాడు. తడిసిన రీడు వాసన, యంత్రం నూనె వాసన, బెల్లం వాసన కలిస్తే అది మా నైనా వాసన. ఇప్పటికీ బెల్లం ముక్క పగలగొడితే ఆ మిగతా రెండూ ఎక్కడి నుంచో వచ్చేస్తాయి. రాకుండా ఉంటే బాగుండుననుకుంటాను ఈమధ్య.

బాండు సంగతి చెప్పాలి. దాన్ని మొదలుపెట్టింది ఒక తెల్ల నేత మాస్టరు. మిల్లు క్లబ్బులో సాయంత్రాలు గడవక గ్రామఫోను రికార్డులు, వాయిద్యాలు ఓడలో తెప్పించుకున్నాడట. పియానో దగ్గర ఆయన, ట్రంపెట్టుకూ డ్రమ్సుకూ రైల్వేలో పనిచేసే ఆంగ్లో ఇండియన్ అన్నదమ్ములు, సాక్సఫోనుకు ఇంకో దొర. వాయించేది జాజ్. ముందు పాటను ఉన్నదున్నట్టు వాయించు, తర్వాత నీ దగ్గరున్నది వాయించు అని ఆ మాస్టరు చెప్పిన మాటనే మావాళ్ళు తమకు అర్థమైనట్టు, మొదటి సగం అందరిది, రెండో సగం నీది అని చెప్పుకునేవారు. దొరలందరూ ఒకేసారి వెళ్ళిపోలేదు. ఒక్కొక్కరే ఓడ ఎక్కారు, ఒక్కొక్కరి కుర్చీలో మిల్లు మనిషి ఒక్కొక్కడే కూర్చున్నాడు. ట్రంపెట్టు, దారం వడికే రింగు ఫ్రేముల మేస్త్రి రంగసామి నాయుడికి వచ్చింది. డ్రమ్సు ఒక ఫిట్టరు చేతికొచ్చాయి. పియానోను చెదలు తిన్నాక దాని బదులు అకార్డియను వచ్చింది. నేను పుట్టేనాటికి బాండులో తెల్లమొహం ఒక్కటీ లేదు. అయినా బాండు ఒక్కసారీ ఆగలేదు, కొత్త బాండని ఎవరూ అనలేదు. లైన్లలో దాని పేరు షిఫ్టు బాండు.

ఆ పేరు ఊరికే రాలేదు. మిల్లులో రింగు ఫ్రేము ఆగదు. షిఫ్టు మారేటప్పుడు వచ్చిన మనిషి వెళ్ళే మనిషి పక్కన నిలబడి, తిరుగుతున్న ఫ్రేము మీద చెయ్యి వేస్తే అప్పుడు పాత మనిషి చెయ్యి తీస్తాడు. బాండులో మనుషులు మారడం కూడా సరిగ్గా అలాగే పెట్టుకున్నారు మావాళ్ళు. ఒకడు బాండు వదిలేస్తున్నాడంటే, జనం ముందు, పాట నడుమనే వదలాలి. మొదటి సగం పాతవాడు వాయిస్తాడు. కొత్తవాడు కుర్చీ పక్కన నిలబడి ఉంటాడు. సగం కాగానే పాతవాడు లేస్తాడు, వాయిద్యం చేయి మారుతుంది, డ్రమ్ము ఆ కాసేపు పాటను పట్టుకుని ఉంటుంది, కొత్తవాడు కూర్చుని రెండో సగం అందుకుంటాడు. కుర్చీ చల్లారకూడదని మాట. సాక్సఫోనైతే పాతవాడి నోట్లోంచి తీసింది తీసినట్టే కొత్తవాడు నోట్లో పెట్టుకోవాలి. నైనా దాన్ని అందుకున్నది ఒక నాయుడుగారి దగ్గర. బయట మా ఇంటి చెంబుతో మంచినీళ్ళు తాగనివాళ్ళు ఉన్న కాలంలో, ఆ నాయుడుగారి ఎంగిలి నైనా నోట్లోకి, మిల్లంతా చూస్తుండగా, పండగనాడు. ఆ సంగతి నైనా ఎన్నోసార్లు చెప్పేవాడు. ఆ కుర్చీ దగ్గర ఎంగిలి లేదు పాపా అనేవాడు.

నైనా కాలం నుంచి ఈ కుర్చీ మార్పులన్నీ ఒకే పాటకు జరిగేవి. దాన్ని కట్టింది నైనాయే. మిల్లు సంగు కూతతో మొదలై, మా అవ్వ రాగులు విసురుతూ పాడే పాట వరుసలోకి మెల్లగా దిగుతుంది. సంగు పాట అనేవారు. దాని మొదటి సగంలో ఒక గుట్టు ఉంది. దుమ్ముతో నైనా ఛాతీ మూసుకుపోతూ వచ్చింది. పొడుగు స్వరం పట్టలేక, ఊపిరి తీసుకున్నట్టు తెలియకుండా తీసుకునే చోట్లు ఆ వరుసలోనే కల్పించుకున్నాడు. విసుర్రాయి తిప్పేవాళ్ళు చెయ్యి మార్చుకునేటప్పుడు పాట చిన్నగా తెగుతుంది చూడండి, ఆ తెగే చోట్లే తీసుకునేవాడు. వినేవాళ్ళకు అది అందంగా ఉండేది. పక్కన కూర్చున్న రంగసామి మామకు కూడా ఆ చోట్లన్నీ తెలియవు. నాకు తెలుసు, నాకొక్కదానికే నేర్పాడు కాబట్టి.

నేను సాక్సఫోన్ పట్టుకోవడం ఎవరూ అనుకుని జరిగింది కాదు. నైనా దగ్గుతూ పక్కన పెడితే తీసుకుని ఊదేదాన్ని. పదో తరగతి అయి, ఇంట్లో ఉండి దారం చుట్టే పనికి ఎప్పుడు రమ్మంటారా అని ఎదురుచూస్తున్న రోజులవి. మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేసి వినేవాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం సంగు కాగానే, అమ్మ చారు పోపు పెడుతుంటే, మంచం అంచున ఇద్దరం కూర్చుని నేర్చుకునేవాళ్ళం. లైనులో ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి చూసి, ఏం అబ్రాము అన్నా, బిడ్డను నాగసరం వాడికి ఇస్తావా అని ఎగతాళి చేసేవారు. రంగసామి మామ వచ్చినప్పుడు గోడకానుకుని కళ్ళు మూసుకుని వినేవాడు. ఒకరోజు లేచి వెళ్తూ, ఊపిరి తగ్గినవాడు కుర్చీ దిగాల్సిందే, ఆ కుర్చీలోకి ఇంకో అబ్రాము వచ్చేసినాడు అని నా తల మీద చెయ్యి పెట్టాడు. నైనా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనాన్ని నేను సంతోషం అనుకున్నాను, నా ఖర్మ.

మొదటి సగం చేతికొచ్చాక రెండో సగం ఎప్పుడు నేర్పుతావని వెంటపడ్డాను. రెండో సగం ప్రతిసారీ వేరేగా ఉంటుంది, విని నేర్చుకుందామంటే ఈసారి విన్నది మళ్ళీ రాదు. ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడికి పోయి ఎలా తిరిగి రావాలో తెలియదు. నైనా రీడు గ్లాసులో వేస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"రెండో సగం ఎవురూ నేర్పేది కాదు పాపా. కుర్చీలో కూకుంటే అదే వస్తాది."

ఎన్నిసార్లు అడిగినా తల నిమిరి అదే మాట. నేను నమ్మాను. నమ్మడమే కాదు, ఆ మాట నాకు ఎంతో నచ్చింది కూడా. మనలో ఉన్నదేదో తగిన చోటు కోసం కాచుకుని ఉంటుందంటే ఎవరికి నచ్చదు?

ఆ రోజుల్లోనే నైనా మదురై ప్రయాణాలు మొదలయ్యాయి. అక్కడ ఛాతీకి పెద్ద డాక్టరు ఉన్నాడని, శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి బస్సెక్కేవాడు. దిండిగల్ మీదుగా పోయి ఆదివారం పొద్దుపోయేలోగా తిరిగొచ్చేవాడు. అమ్మ పులిహోర పొట్లం కట్టి ఇచ్చేది. ఆయన బస్సులో ఉన్నంతసేపూ ఉపవాసం ఉండేది. మాలో అలాంటి మొక్కులు లేవని పాస్టరు అన్నా వినలేదు, పక్కింటి నాయుడమ్మను చూసి పట్టింది ఆ పట్టు. నల్ల పెట్టె కూడా వెంట తీసుకుపోతున్నావేమని ఒకసారి అడిగితే, ఊది చూపిస్తేనే డాక్టరుకు ఊపిరి సంగతి తెలుస్తుందన్నాడు. అది విని అమ్మకు డాక్టరు మీద గౌరవం పెరిగింది. వచ్చేటప్పుడు అమ్మకు మల్లెపూలు, ఒక మందు సీసా తెచ్చేవాడు. అమ్మ ఆ సీసాను యేసు పటం ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, చెంచా కొలిచి తాగించేది. మందు పనిచేస్తున్నట్టు కనిపించేది కాదు. డాక్టరు ఏమన్నాడని అడిగితే, చూస్తా ఉండాడు అనేవాడు.

మిల్లులో యంత్రాలన్నీ ఆగేది ఆయుధపూజ ఒక్కనాడే. ఫ్రేములకు పసుపు, కుంకుమ, అరటి పిలకలు, చామంతి దండలు. యంత్రాల చప్పుడు లేని ఆ పగలంతా ముంగిట్లో బాండు వాయించేది. ఆ ఏడు నైనా కుర్చీ దిగుతున్నాడని లైన్లన్నిటికీ తెలుసు. అమ్మ మిల్లు గుడ్డతో నాకు తెల్ల కోటు కుట్టింది. నా కొలతలు తీసుకునేటప్పుడు నైనా అక్కడే కూర్చుని బెల్లం చప్పరిస్తున్నాడు, గుండీలు ఏ రంగువి అని అమ్మ అడిగితే నల్లవి బాగుంటాయని కూడా చెప్పాడు. నన్ను ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పొడిచేది ఆ నల్ల గుండీలే. ఆ మాట చెప్పకుండా ఊరుకోవచ్చు కదా.

సంగు పాట మొదలైంది. నేను వేదిక కుడి పక్క మెట్ల దగ్గర నిలబడ్డాను. మొదటి సగంలో నైనా ఎక్కడెక్కడ ఊపిరి దాచుకుంటున్నాడో అక్కడక్కడ నేనూ తీసుకుంటున్నాను. సగం దగ్గరికొచ్చింది. నేను మెట్టు మీద కాలు పెట్టాను. అప్పుడు ఎడమ పక్క నుంచి ఎవరో తెల్ల కోటు కుర్రాడు వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. నా కంటే ఒకటి రెండేళ్ళు చిన్నవాడేమో. ఏదో పొరపాటున ఎక్కేశాడనుకున్నాను, దిగిపొమ్మని చెయ్యి కూడా ఊపాను. నైనా లేచాడు. సాక్సఫోన్ నోట్లోంచి తీసి ఆ కుర్రాడికి అందించాడు. డ్రమ్ము నడుస్తూనే ఉంది. వాడు కూర్చుని రెండో సగం అందుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నైనా ఎడమ పక్క మెట్లు దిగిపోయాడు, నా వైపు చూడలేదు. ఒంటి మీద కొత్త కోటుతో, ఆ జనం మధ్య నుంచి ఇంటిదాకా నడవాల్సి వచ్చింది నాకు. తల కొట్టేసినట్టయింది. అమ్మ నా వెనకే చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

ఆ సాయంత్రం రంగసామి మామ మా గుమ్మంలోకి వచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నైనా గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఆ పిలగాడు మదురై మిల్లువాడు. నేనే పిలిపించినాను. తిట్టేదుంటే నన్నే తిట్టుకో ఎస్తేరూ."

నేను తిట్టాను. పెద్దవాడని చూడలేదు. నైనా గొంతు కోశావన్నాను, నిన్ను నమ్మిన మనిషికి ఊపిరి లేని రోజున వెన్నుపోటు పొడిచావన్నాను. ఆయన అన్నీ విని, తలపాగా పెట్టుకుని వెళ్ళిపోయాడు. నైనా గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు. అవమానంతో అలా ఉన్నాడనుకుని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది నేనే, ఓదార్చింది కూడా నేనే.

ఇంకో రెండు ఆయుధపూజలు చూసి నైనా పోయాడు. రంగసామి మామతో నేను మళ్ళీ మాట్లాడలేదు. ప్రతి దీపావళికి ఆయన ఇంటి నుంచి మైసూరుపాకు వచ్చేది, గిన్నె ముట్టకుండా తిప్పి పంపేదాన్ని. ఆయన పోయినప్పుడు లైన్లంతా కదిలి వెళ్ళింది, నేను తలుపు వేసుకుని బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. దారం చుట్టే ఖాతాలో పనికి చేరాను, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. బాండు మాత్రం నడుస్తూనే ఉంది. క్లారినెట్టు మనిషి పోయాక ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది, అకార్డియను పోయి కీబోర్డు వచ్చింది, పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించారు. మిల్లు మూతపడ్డాక బాండు మదురైకి మారిందని విన్నాను. అక్కడ దాన్ని నడిపేది ఆ కుర్రాడే, గురుసామి. సంగు పాట మొదటి సగం సాక్సఫోన్ వదిలేసిందనీ, ట్రంపెట్టే వాయిస్తుందనీ, గురుసామి రెండో సగంలోనే అందుకుంటాడనీ ఎవరో చెప్పారు. నాకు లోపల కొంచెం తృప్తిగా అనిపించింది.

పోయిన నెల గురుసామి ఫోన్ చేశాడు. నా నంబరు ఎవరిచ్చారో. తనకు ఊపిరి తగ్గిందనీ, కుర్చీ దిగుతున్నాననీ, దిగేముందు ఒక్కసారి వచ్చి కూర్చోమనీ అడిగాడు. పెట్టేద్దామనుకున్నాను. కానీ ఆ సాక్సఫోన్ ఇంకా ఉందా అని నోరు జారి అడిగేశాను. ఉండాది అక్కా, అదే వాయిస్తా ఉండాను అన్నాడు. మా అబ్బాయి బస్సెక్కించాడు. తారాపురం, దిండిగల్ మీదుగా, నైనా పోయిన దారే. పులిహోర పొట్లం కట్టుకుని మరీ వెళ్ళాను. చూడండి నా పిచ్చి.

గురుసామి ఇల్లు వైగై ఒడ్డుకు దగ్గరగా, సందులో, మేడ మీద. మనిషి బక్కచిక్కి ఉన్నాడు. పెట్టె తెరిచి చూపించాడు. సాక్సఫోన్ మెడ దగ్గర పాత సొట్ట అలాగే ఉంది. మెడ గొట్టానికి ఉండే కార్కు ఊడిన చోట మా అమ్మ అప్పట్లో చుట్టిన మిల్లు దారం నల్లబడి అలాగే ఉంది. ఆ దారాన్ని వేలితో తడిమాను. నేను మెత్తబడ్డానని అనుకున్నాడేమో, పాత సంగతులు మొదలుపెట్టాడు. మీ నైనా ఇదే గదిలో, ఇదిగో ఈ కిటికీ దగ్గర కూర్చునేవారు అన్నాడు. ఇక్కడెందుకు కూర్చుంటారు, ఆయన వచ్చేది డాక్టరు దగ్గరికి కదా అన్నాను.

"ఏ డాక్టరు అక్కా? శనివారం వచ్చి మా ఇంట్లోనే ఉండేవారు. ఆదివారం భోజనం దాకా నాకు నేర్పేవారు. అట్లా ఒక ఏడు. మీకు తర్వాతైనా చెప్పిండారనుకుంటి."

ఏం నేర్పేవాడని అడిగాను. రెండో సగం అన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడికి పోవాలో, దారి తప్పితే ఏ స్వరం పట్టుకుని ఇంటికి రావాలో, ముక్క ముక్కగా నోటితో పాడి, చేత్తో తొడ మీద తాళం వేసి నేర్పాడట. దగ్గొస్తే కిటికీలోంచి ఉమ్మి వచ్చి మళ్ళీ కూర్చునేవాడట. మొదటి సగం అడిగితే, అది నీకు అక్కరలేదు, నువ్వు కూర్చునేది సగం నుంచే కదా అన్నాడట. మిల్లు పెద్దలు ఆడపిల్లను వేదిక ఎక్కించేది లేదని, ఎక్కిస్తే బాండునే తీసేస్తామని చెప్పారట. రంగసామి మామ, బాండు పోతే పోనీ, ఎస్తేరే కూర్చుంటుంది అని వాదించాడట. ఒప్పుకోనిది నైనా. మనిషిని వెతికి మదురైలో పట్టుకున్నదీ నైనాయే. నా బిడ్డ మొగం చూసి చెప్పలేను, నింద నువ్వు మోయి రంగసామీ అని ఆయన చేతులు పట్టుకున్నాడని, బాండులో చేరాక రంగసామి మామే గురుసామికి చెప్పాడట.

నేను పులిహోర పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు గుర్తొచ్చింది మైసూరుపాకు గిన్నె. ఏటేటా తిరిగిపోతున్నా మళ్ళీ పంపిన మనిషి, ఒక్క మాట అనకుండా పోయాడు. తర్వాత అమ్మ. యేసు పటం ముందు మందు సీసా, చెంచా కొలిచి తాగించడం, ఆ ఉపవాసాలు. ఏదో బస్టాండు దుకాణంలో కొన్న సీసాలకు దణ్ణం పెట్టించుకున్నాడు మా నైనా. డాక్టరుకు చూపించుకుని ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేవాడేమో, మిగిలిన ఊపిరిని తెచ్చి ఈ కిటికీ దగ్గర పోశాడు. బాండు బతకాలని చేశాడు, సరే. అది నాకు చెబితే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. సాయంత్రం సాయంత్రం మంచం అంచున కూర్చోబెట్టుకుని, కూర్చుంటే వస్తుందని ఎందుకు చెప్పాలి? ఎవరూ నేర్పేది కాదని ఎందుకు అనాలి? నాలో ఏదో ఉందనీ, కుర్చీ దొరక్క అది బయటికి రాలేదనీ అనుకుంటూ బతుకంతా గడిపేశాను. నమ్మించి చంపడమంటే ఇదే.

ఇంతలో గురుసామి మనవరాలు లోపలికొచ్చింది. కాలేజీలో చదువుతోంది, పేరు జ్యోతి. కుర్చీ ఎక్కబోయేది ఆ పిల్లే. కొత్తరకం కోటు, పొట్టి జుట్టు, కాళ్ళకు బూట్లు. వచ్చే ఆదివారం ఒక పెళ్ళి విందులో జనం ముందు కుర్చీ మారుతుందట, ఎవరికీ అభ్యంతరం లేదు, ఫోటోలు కూడా తీస్తారట. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. గురుసామి లోపలి నుంచి పాత మడత కుర్చీ తెచ్చి వేశాడు. మిల్లు ముంగిట్లో ఉన్నదే, రంగు మారింది. ఇది మీ కుర్చీ అక్కా, మీరు లేస్తే మా పాప కూకోనీ, అప్పుడే క్రమం సరిపోతుంది అన్నాడు. సాక్సఫోన్ నా మెడలో వేశాడు.

వేళ్ళు మరిచిపోలేదు. పెదాలకు బిగువు లేదు, సంగు కూత పగిలిపోయింది, కానీ అవ్వ విసుర్రాయి పాటలోకి దిగాక ఊపిరి దాచే చోట్లు ఒకదాని వెంట ఒకటి వాటంతటవే వచ్చాయి. గురుసామి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంత ముసలి ఊపిరితో ఆ పొడుగు వరుస ఎలా నడుస్తోందో ఆయనకు అంతుపట్టలేదు. సగం దగ్గరికొచ్చింది. జ్యోతి నా పక్కన వచ్చి నిలబడింది. గురుసామి గోడ మీద చేత్తో తాళం పట్టుకున్నాడు. నేను లేవాలి. లేవలేదు. కూర్చుంటే అదే వస్తుందన్నాడు కదా, కూర్చున్నాను కదా. కళ్ళు మూసుకుని ఊదాను. ఒక స్వరం వచ్చింది, దాని పక్కన ఇంకొకటి, ఆ తర్వాత ఎటు పోవాలో తెలియలేదు. మళ్ళీ ఊదాను. ఏమీ రాలేదు. నాలో ఏమీ లేదు, అది నేర్పితే తప్ప రానిది. గురుసామి చెయ్యి గోడ మీద నెమ్మదిగా ఆగిపోయింది. ఏ కుర్చీ మార్పులోనూ నడుమలో తెగని పాట ఆ గదిలో నా దగ్గర తెగింది.

జ్యోతి నా భుజం మీద చెయ్యి వేసి, లేవండవ్వా అంది మెల్లగా. లేచాను. మెడలోంచి తీసి ఇచ్చాను, కొంగుతో తుడవబోతే వద్దని అలాగే నోట్లో పెట్టుకుంది. గురుసామి మళ్ళీ తాళం వేశాడు. ఆ పిల్ల రెండో సగం వాయించింది. దారి తప్పడం, ఇంటికి రావడం, అన్నీ మా నైనావే. మొదటి ముక్క వినగానే గుర్తుపట్టాను. నాకు రావలసినవన్నీ వరసగా నా ముందు నుంచి వెళ్ళాయి. నేను కిటికీ అంచు పట్టుకుని నిలబడి చివరిదాకా విన్నాను.

అయ్యాక ఆ పిల్ల మొహం వెలిగిపోతూ నా దగ్గరికొచ్చింది. ఊపిరి దాచుకునే ఈ పద్ధతి తాతకు కూడా తెలియదట, ట్రంపెట్టు వాయించే మొదటి సగంలో ఈ ఊపిరి లేదట, ఆ మొదటి సగాన్ని మళ్ళీ సాక్సఫోన్ మీదికి తేవాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటోందట. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఊపిరి ఏడేడ తీసుకుంటారో నాకు నేర్పిస్తారా అవ్వా? ప్రతి ఆదివారం నేనే వస్తాను."

ఆ చోట్లన్నీ నా నాలుక చివర ఉన్నాయి. ఆ పూట కూర్చుంటే సాయంత్రానికి సగం చెప్పేయగలను. పులిహోర పొట్లం తీసి గురుసామి బల్ల మీద పెట్టాను. సంచీ భుజానికి తగిలించుకుని ఆ పిల్ల తల నిమిరాను, నైనా నా తల నిమిరినట్టే.

"అది ఎవరూ నేర్పేది కాదు పాపా. వాయిస్తా ఉంటే అదే వస్తాది" అన్నాను.

ఆ పిల్ల నమ్మింది. మెట్ల దాకా వచ్చి, సంతోషంగా చెయ్యి ఊపింది.